నడుమ మాట్లాడొద్దు

“రేపు పొద్దుగాల నీ దుకాణంకే వస్త. ఎవని నోరు ఎవడు మూయిస్తడో సూద్దాం.”

ఫోనులో ఆ మెసేజ్ చూసినప్పటి నుంచి ముకుంద్‌కు కంటి మీద కునుకు లేదు. సంగారెడ్డి బజారులో కిరాణా దుకాణం పెట్టుకున్నవాడు ఉప్పూ పప్పూ అమ్ముకుంటూ కూర్చోక, “కంపెనీల మురికి నీళ్లు కలిసే వాగు పక్కన పండిన కూరగాయలు ఎవరూ కొనకండి” అని వాట్సాప్ గ్రూపులో రాశాడు. “మా పొట్ట కొడతవా?” అని నర్సింగ్ అనే రైతు లేచాడు. ముకుంద్ కూడా తగ్గలేదు. ఫోనులో ఎవరు మాత్రం తగ్గుతారు! ఇద్దరూ వారం పైగా తిట్టుకున్నారు గానీ ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. నర్సింగ్ ఫొటో ఉండాల్సిన చోట ఎద్దు బొమ్మ ఉంది.

“షట్టర్ దించుదామా?” అన్నాడు ముకుంద్, పొద్దున దుకాణం తెరుస్తూనే.

“ఎన్ని దినాలు దించుతరు?” అంది భార్య శకుంతల. కాలేజీ రోజుల్లో డిబేట్లలో కప్పులు గెలిచిన మనిషి. “రానియ్యండి. పద్ధతిగ డిబేట్ పెడత. ముందు మీరు, తర్వాత ఆయన. ఒకరు చెప్తుంటే ఇంకొకరు నడుమ మాట్లాడొద్దు. ఎదురెదురుగ కూసుంటే సగం కోపం పోతది.”

“మిగిలిన సగంతోని తంతే?”

ఆమె జవాబిచ్చేలోపే గడపలో నీడ పడింది. ఆరడుగుల మనిషి, బుర్ర మీసాలు, చేతిలో కట్టె. “ముకుంద్ సేటు నువ్వేనా?”

ముకుంద్‌కు పైప్రాణాలు పైనే పోయాయి. తల ఊపాడో లేదో తనకే తెలియదు.

శకుంతల స్టూలు ముందుకు జరిపింది. “కూసోండ్రి అన్నా. ముందు ఆయన చెప్తడు, వినుండ్రి.”

“అది గాదమ్మా, నేను…”

ఆమె లక్ష్మీదేవి పటం ముందున్న గంట తీసి గణగణ మోగించింది. “నడుమ మాట్లాడొద్దు. మీ వంతు వస్తది.”

ఆ మనిషి బిత్తరపోయి కూర్చున్నాడు. ముకుంద్ ఆ కట్టెనే చూస్తూ, తడబడుతూ మొదలుపెట్టాడు. వాగులో నురుగు తేలుతోందని, ఆ వాసనకే కడుపులో తిప్పుతోందని, పిల్లలు తినే తిండి కాబట్టి భయపడి, అక్కడి కూరగాయలు కొనొద్దని గ్రూపులో రాశానని చెప్పాడు.

గంట మోగింది. “ఇగ మీరు. ముందు ఆయనేమన్నడో చెప్పి, తర్వాత మీ మాట.”

“పిల్లల కోసం భయపడ్డ అన్నడు. మా కూరగాయలు కొనొద్దన్నడు.” ఆ మనిషి గొంతు హెచ్చింది. “నాది గూడ వాగు పక్క పొలమే సేటూ. గా నురుగు మేము ఇడిసినమా? బోరు నీళ్లతోని పండించిన టమాటలు గూడ ఎవ్వరూ కొనకపోతే, మా పిల్లలేం తినాలె?”

కట్టె టక్కున నేలకు తగిలింది. ముకుంద్ కళ్లు మూసుకున్నాడు. దెబ్బ పడలేదు. తెరిచి చూస్తే ఎదుటి మనిషి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి.

ముకుంద్‌కు సిగ్గేసింది. “బోరు సంగతి నాకు ఎర్క లేదన్నా. అందరినీ ఒక్కతీరుగ అనుడు తప్పే. తప్పయిందని గ్రూపుల రాస్త. ఇద్దరం పోయి నీళ్లు టెస్టు చేయిద్దాం.”

“గట్లయితే నాకేం గొడవ లేదు.”

శకుంతల ముఖం వెలిగిపోయింది. ముకుంద్ లేచి ఆ మనిషి చేతులు రెండూ పట్టుకున్నాడు. “ఇంత మంచోనివి, నీకు భయపడి రాత్రంతా చచ్చిన గదా నర్సింగ్ అన్నా!”

“నర్సింగా? నేను చిన్నరాములును, బెల్లానికి వచ్చిన. నర్సింగంటే… చౌరస్తాల జీపు నిండ మనుషులతోని మీ దుకాణం యాడ అనడిగి, చాయ్ తాగి వస్తమన్నడు, ఆయననా?”