దుబాసీ మింగేసిన మాట

లోపలి పరీక్ష చేస్తున్న డాక్టరమ్మ తలెత్తి, నవ్వుతూ ఏదో అడిగింది. బల్ల మీద పడుకున్న ఆమెకు ఆ భాషలో ఒక్క ముక్క రాదు. ఆ మాట తెర అవతల నిలబడ్డ దుబాసీ నోటి మీదుగా తెలుగులో రావాలి.

దుబాసీ ఎప్పటిలాగే ముందు ఆమె భర్త చెవిన వేశాడు. అది ఆయన అలవాటు. సంతానం కోసం ఈ ఆసుపత్రికి వచ్చే జంటల్లో, ఆడవాళ్లను అడిగినా మొగుళ్లే జవాబు చెప్పడం చూసి చూసి అలా తయారయ్యాడు. నిద్ర పడుతోందా అంటే భర్తే చెప్పాడు. కడుపులో నొప్పి వస్తుందా అంటే, అదేదో తన కడుపైనట్టు, అదీ అతనే చెప్పాడు. అతనికి తెలియనివి మాత్రమే తెర దాటి ఆమె దాకా వచ్చేవి.

ఈసారి తెర అవతల కుర్చీ కిర్రుమంది. తర్వాత ఏవో గుసగుసలు.

"ఏమన్నారండీ?" అంది ఆమె.

"ఏం లేదమ్మా," అన్నాడు దుబాసీ. "బిగుసుకుపోకుండా వదులుగా పడుకోమన్నారు."

అంత నవ్వూ నవ్వి అడిగింది అదా? ఎవరి చెవిలో పెడుతున్నారు పువ్వు? ఈలోగా దుబాసీ డాక్టరమ్మతో ఆ భాషలో ఏదో అన్నాడు. ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. ఆమె చేతిని మెల్లగా తట్టి మళ్లీ పనిలో పడింది.

అసలు ఈ దుబాసీ వద్దని ఆమె మొదటే మొత్తుకుంది. దేశం దాటి రావాలన్న పట్టుదల ఆమెదే. పెళ్లయిన ఇన్నేళ్లలో సొంత ఊళ్లో ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదు. "తెలిసినవాళ్ల కంట పడితే నా పరువేం కాను?" అని భర్త నోరు మూయించింది. చివరికి అతను సరేనన్నాక, "ఫోన్‌లో అనువాదం చూసుకుంటే చాలదా?" అంది. "పిల్లల సంగతి ఫోన్‌కి వదిలేస్తామా?" అని అతను దుబాసీని కుదిర్చాడు. ఆమెకు ఆ మనిషంటే ఆరోజు నుంచే గిట్టదు.

ఆ పరీక్ష అయిన దగ్గర్నుంచి భర్త మారిపోయాడు. మామూలుగా అతను వసపిట్ట. లిఫ్టులో పక్కవాడు తుమ్మినా దాని మీద ఓ జోకు వేస్తాడు. అలాంటివాడు బసకు తిరిగొచ్చేదాకా పెదవి విప్పలేదు. రాగానే స్నానాల గదిలోకి వెళ్లి కుళాయి తిప్పాడు. ఎంతకీ రాలేదు. వచ్చాక చూస్తే కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సబ్బు పడింది," అన్నాడు.

ఆ తర్వాత ఎక్కడలేని ప్రేమా మొదలైంది. వంట అతనే చేశాడు. ఆమె చీరలు అతనే ఇస్త్రీ చేశాడు. ఆమె చూస్తే మాత్రం చూపు తిప్పుకుంటున్నాడు. ఆమె ఇక ఉండబట్టలేకపోయింది.

"నిజం చెప్పండి. నాకు పిల్లలు పుట్టరన్నారా?"

"నీకెందుకు పుట్టరు?" అన్నాడు తడుముకోకుండా. "నీలో ఏ లోపమూ లేదు."

"రిపోర్టులు రాకుండానే మీకెలా తెలుసు?"

అతను తోమిన గిన్నెనే మళ్లీ తోమసాగాడు.

మర్నాడు పొద్దున బాల్కనీలోంచి ఫోన్ మాటలు వినిపించాయి. అత్తగారి గొంతుకు స్పీకరు అక్కర్లేదు.

"ఆ గొడ్రాలిని వెంటేసుకుని ఎన్ని దేశాలు తిరుగుతావురా?"

ఇన్నేళ్లూ ఆ మాటకు తల వంచుకుని ఊరుకున్న మనిషి ఈసారి గట్టిగా అరిచాడు. "ఇంకొక్కసారి ఆ మాట అనకమ్మా! లోపం నాది. ముమ్మాటికీ నాది!"

ఫోన్ పెట్టేశాడు. తన తరఫున ఒక్క మాట అనడా అని ఆమె ఎన్ని రాత్రులు ఏడ్చిందో. తీరా అన్నాక సంతోషం కలగలేదు సరికదా, భయం పట్టుకుంది. బాల్కనీ తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

ఇద్దరి రిపోర్టులూ వచ్చాయి. డాక్టరమ్మ చెబుతుంటే దుబాసీ ఉత్సాహంగా తెలుగులో చెప్పాడు. లోపం భర్తలోనే ఉందట. అయినా కంగారు లేదట, వైద్యం ఉందట, బిడ్డ పుట్టే అవకాశం బాగానే ఉందట. భర్త ఉలిక్కిపడలేదు. తెలిసిన పాఠం మళ్లీ విన్నట్టు తలూపి, మందులు తేవడానికి కిందికి వెళ్లాడు.

ఆమె వరండాలో దుబాసీకి అడ్డంగా నిలబడింది.

"మొదటిరోజు తెర దగ్గర మీరు మింగేసిన మాట ఏమిటండీ?"

దుబాసీ మెట్ల వైపు చూశాడు. "వదిలెయ్యండమ్మా. అంతా మంచే జరుగుతోందిగా."

"అడిగింది నన్ను. జవాబు చెప్పుకోవాల్సిందీ నేనే."

"మీవారు నా చేతులు పట్టుకుని బతిమాలారమ్మా. ఆ మాట మిమ్మల్ని ఎవరూ, ఎప్పుడూ అడక్కూడదన్నారు. డాక్టరమ్మకీ అదే చెప్పించారు."

"ఆయన నన్ను వదిలేస్తారేమోనని భయంగా ఉందండీ. రోజూ చస్తున్నాను," అంది ఆమె.

"వదిలేసేవాడైతే ఆరోజే వదిలేసేవాడు," అన్నాడు దుబాసీ. "తప్పు నాది తల్లీ. ముందు మిమ్మల్నే అడిగి ఉండాల్సింది."

చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"మీ మొదటి బిడ్డకి ఇప్పుడెన్నేళ్లని అడిగారమ్మా."