ఇన్‌గ్రిడ్‌కి తగిన కాలేజీ

"వెనక మెట్టుంది, పడతావ్!" అని అరిచింది వెర్నా.

కోర్లిస్ చూడకుండానే మెట్టు దిగింది. కాలేజీ చూపించే పిల్లలు వచ్చినవాళ్ల వైపు మొహం పెట్టి వెనక్కి నడవడం ఎక్కడైనా ఉన్నదే. కానీ ఈ అమ్మాయి ఒక్కసారైనా తల తిప్పలేదు.

"ఇక్కడ ప్రతి రాయీ నాకు తెలుసండి. మీరే జాగ్రత్త! ఎవరైనా పడితే మా ఊరంతా వచ్చి లేవదీస్తుంది. ఆ తర్వాత పోతామన్నా పోనివ్వరు," అని నవ్వింది.

వెర్నా పని ఇదే. ఏటా చిన్న చిన్న కాలేజీలు తిరిగి, ఏ పిల్లకి ఏ చోటు సరిపోతుందో తల్లిదండ్రులకు చెబుతుంది. ఈసారి ఇన్‌గ్రిడ్ అనే పిల్ల కోసం వచ్చింది. మూడు వేల మంది చదివే హైస్కూల్లో ఆ పిల్లను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. నాలుగేళ్లూ మధ్యాహ్నం భోజనం బాత్రూములో కూర్చుని తింది. మళ్లీ అలాంటి చోటే పడితే ఇక చదవదని తల్లి బెంగ. సీటు ఖాయం చేసుకోవడానికి రేపే ఆఖరి రోజు. వెర్నా జాబితాలో మిగిలింది అయోవా మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఈ వెస్టర్‌గ్రెన్ కాలేజీ ఒక్కటే.

తత్వశాస్త్రం తరగతిలో గుండ్రటి బల్ల చుట్టూ ఎనిమిది మంది ఉన్నారు. తొమ్మిదో కుర్చీ ఖాళీగా ఉంది.

"ఇన్‌గ్రిడ్ ఇక్కడ కూర్చుంటుంది. వెలుతురు బాగా వస్తుంది," అంది ముసలి ప్రొఫెసరమ్మ.

వెర్నా ఉలిక్కిపడింది. "ఆ పిల్ల పేరు మీకెలా తెలుసు?"

"నిన్న మీరు ఆఫీసుకి ఫోన్ చేశారు కదండీ," అంది కోర్లిస్. "సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోయింది."

బల్ల దగ్గర ఒకతనికి ముప్పై దాటినట్టున్నాయి. గోళ్ల కింద నల్లగా గ్రీజు.

"నువ్వు ఏ సంవత్సరం బాబూ?"

"మొదటి సంవత్సరమేనండి. సైన్యంలో చేసి వచ్చాను. హాస్టల్లో బాయిలర్ ఆగిపోతే నేనే బాగుచేస్తా. చదువుకంటే అదే బాగా వచ్చు."

అందరూ నవ్వారు. అందరూ ఒకేసారి ఆపేశారు.

భోజనాల హాల్లో వెర్నాకు మళ్లీ ఆ ఎనిమిది మొహాలే కనిపించాయి. ఇంకో పది పన్నెండు మంది ఉన్నారు, అంతే. బల్లలు మాత్రం చివరిదాకా తుడిచి, గ్లాసులు బోర్లించి పెట్టి ఉన్నాయి.

"నూట నలభై మంది అన్నారు. మిగతా వాళ్లేరి?"

"పక్షుల్ని లెక్కపెట్టడానికి నది ఒడ్డుకెళ్లారండి."

"అందరూనా?"

"పక్షులంటే మా వాళ్లకి పిచ్చి," అంది కోర్లిస్. వంటామె ఎవరూ అడక్కుండానే వెర్నా పళ్లెంలో ఇంకో ఆపిల్ కేకు ముక్క వేసింది. "ఆ పిల్ల మాంసం తింటుందా? పాలు పడతాయా? సన్నగా ఉంటుందా?" అని గుక్క తిప్పుకోకుండా అడిగింది.

వెర్నా ఏ కాలేజీకి వెళ్లినా పిల్లల్ని ఒక ప్రశ్న అడుగుతుంది. ఇక్కడా అడిగింది. "ఇక్కడ ఏది బాగోదు? నిజం చెప్పండి."

మూలనున్న అమ్మాయి చెంచా కింద పెట్టి నోరు విప్పింది.

"సాయంత్రాలండి. దీపాలు పెట్టే వేళ హాస్టల్ వైపు చూడలేం."

"పరీక్షల దిగులు దానికి," అంటూ కోర్లిస్ ఆ అమ్మాయి భుజం నొక్కింది.

వెర్నాకు అది నచ్చింది. తక్కిన కాలేజీల్లో అందరూ పొగిడినవాళ్లే. దిగులుందని ఒప్పుకున్న పిల్ల ఇక్కడే కనిపించింది.

హాస్టల్ మూడో అంతస్తులో ఒక తలుపు తెరిచి ఉంది. తలుపు మీద నీలిరంగుతో ఇన్‌గ్రిడ్ అని రాసి ఉంది. రంగు ఇంకా తడిగానే ఉంది. లోపల మంచం మీద చేత్తో కుట్టిన బొంత, దిండు పక్కన వెచ్చటి మేజోళ్లు.

"తను ఇంకా ఒప్పుకోలేదమ్మాయ్!"

"ఒప్పుకోకపోతే చెరిపేస్తామండి. చెరపడం మాకు అలవాటే." కోర్లిస్ తలుపు మీది రంగు మరకను వేలితో సరిచేసింది. ఆ వేలికి ఉంగరం తీసేసిన తెల్లటి గుర్తు ఉంది.

వెర్నా అక్కడి నుంచే ఫోన్ చేసింది. "ఇంత చిన్న కాలేజీ నేనెక్కడా చూడలేదే ఇన్‌గ్రిడ్."

అటు నుంచి ఇన్‌గ్రిడ్ అడిగింది. "అక్కడ నాతో ఎవరైనా మాట్లాడతారా?"

"నీతోనే మాట్లాడతారే పిల్లా. తప్పించుకోలేవు కూడా."

"అయితే... చేరతాను. ఇప్పుడే పంపిస్తున్నా." కంప్యూటర్ మీటలు టకటకలాడాయి.

కోర్లిస్ మెట్ల మీదుగా పరుగెత్తింది. ఈసారి ముందుకే చూస్తూ.

ఊరి చివర పెట్రోలు బంకులో వెర్నా కారు ఆపేసరికి కాలేజీ వైపు నుంచి గంట మోగింది. ఒక్కటే దెబ్బ. పెట్రోలు పోస్తున్న ముసలాయన టోపీ తీసి గుండెలకు ఆనించుకున్నాడు. ఎదుటి క్షౌరశాలలోంచి మంగలి, సగం గడ్డం గీసిన మనిషి, ఇద్దరూ రోడ్డు మీదికొచ్చి నిలబడ్డారు. బేకరీ ఆవిడ గుమ్మంలో ఏడుస్తోంది.

"ఏం గంట అది?" అని వెర్నా అడిగింది.

"కాలేజీదమ్మా. ఒక్కో విద్యార్థి చేరగానే ఒక్కో దెబ్బ కొడతారు. కాలేజీ పెట్టినప్పటి నుంచీ ఆచారం."

"అయితే ఇది మా ఇన్‌గ్రిడ్‌దే!" వెర్నా మొహం వెలిగిపోయింది. "ఏటా ఈ రోజుల్లో ఆ మోతకి మీ చెవులు చిల్లులు పడతాయేమో!"

ముసలాయన టోపీని రెండు చేతుల్లో నలిపాడు.

"ఇవాళ్టికి ముందు అది మోగి పదకొండేళ్లయిందమ్మా."