పెట్టె గుర్తుపట్టని చేతులు

మా కొత్త భవనానికి ఉత్తరాల పెట్టెలు ఈ రోజే ఎంచుకోవాలి. నిబంధన ప్రకారం పెట్టెలు లేకపోతే డ్రోన్లు మా గుమ్మం వైపే రావు. నాయనమ్మ షుగర్ ఇంజెక్షన్లు వాటి మీదే రావాలి. అందుకే పొద్దుటి నుంచి నాకు కాలు నిలవడం లేదు.

కంపెనీ మనిషి నమూనా పెట్టె బిగించాడు. ముందే నమోదు చేసిన అరచెయ్యి ఆనిస్తే, ఎవరికొచ్చింది వాళ్లకే తెరుచుకుంటుందట. మగవాళ్లందరికీ తెరుచుకుంది. నాయనమ్మ చెయ్యి పెడితే మాత్రం "మీరెవరో తెలియదు" అంది పెట్టె. అమ్మకూ, నాకూ అదే మాట. ఆషాఢం కదా, ఆడవాళ్లందరి చేతులూ ఎర్రగా పండి ఉన్నాయి.

"ఓ నెల గోరింటాకు మానేస్తే పోలా?" అన్నాడు వీర్రాజు మావయ్య. భవన సంఘానికి ఆయనే అధ్యక్షుడు.

"ముందు నువ్వు మీసం మానెయ్యి అబ్బాయ్," అంది నాయనమ్మ.

అందరూ నవ్వారు. మావయ్య ఆ పెట్టెలకే ఒప్పుకుంటూ సంతకం పెట్టడానికి లేచాడు. నలుగురిలో నాకు నోరు పెగలదు. ఇంట్లోకి పరిగెత్తి, నిన్న మిగిలిన గోరింటాకు ముద్ద తెచ్చి ఆయన అరచేతిలో పెట్టేశాను.

"ఇదేంటే పిల్లా! అచ్చం మీ అమ్మ పోలికే," అని నవ్వాడు. ఆ చేత్తో సంతకం కుదరక, మధ్యాహ్నానికి వాయిదా వేశాడు.

మధ్యాహ్నం ఆయన భోజనం క్యారేజీ డ్రోన్ మీద ఎగిరొచ్చి ఆ నమూనా పెట్టెలోనే దిగింది. మావయ్య గోరింటాకు కడుక్కుని, ఎర్రగా పండిన చెయ్యి ఆనించాడు.

"మీరెవరో తెలియదు."

తుడుచుకుని మళ్లీ ఆనించాడు. అదే మాట. లోపల్నుంచి చేపల పులుసు వాసన వస్తోంది.

"ఓ నెల అన్నం మానేస్తే పోలా?" అంది నాయనమ్మ.

మావయ్య కంపెనీ మనిషి వైపు తిరిగాడు.

"తాళంచెవితో తెరిచే రకం చూపించవయ్యా."