మూడు చక్రాలు, మూడు చక్కెరలు

“ఎన్ని చెంచాలన్నావు?”

“మూడు, మామా. నాలుగు మిరపకాయ బజ్జీలు, ఒక గ్లాసు టీ. టీలో మూడు చెంచాల చక్కెర. నాయనకు పెట్టాలంట.”

సుంకప్ప చేతిలోని గరిటె బాండలి మీద అలాగే ఆగిపోయింది. డోన్ రైల్వే స్టేషను ముందు ఇరవై ఏళ్లుగా ఉగ్గాని, బజ్జీ, టీ అమ్ముతున్నాడు గానీ ఇంత వింత కబురు ఎన్నడూ వినలేదు. తెచ్చింది హజరత్ వలి కూతురు పర్వీన్. పంపింది వలి భార్య రహమతున్నీసా. వలి కోసం చక్కెర డబ్బా మూత తీస్తే, ఆ చప్పుడు వీధి చివర నుంచే వినగల మనిషి ఆమె.

“మీయమ్మే చెప్పిందా?”

“అమ్మే. నువ్వే చేసి, నువ్వే తేవాలంట.”

పర్వీన్ వెళ్లిపోయింది. సుంకప్ప పొయ్యి మంట తగ్గించాడు.

వలిది ఆటో. ఒళ్లు ఆటోలో, మనసు సుంకప్ప బండి దగ్గర. తెల్లారి ఆరింటికి మొదటి టీ, ఆఖరి రైలుకు ఆఖరి టీ, నడుమ ఎన్నో ఆ దేవుడికే తెలియాలి. స్టేషను గేటు నుంచి బజ్జీల బండికి ముప్పై అడుగులుంటే, దానికీ ఆటో స్టార్టు చేసేవాడు. కాస్త నడవమంటే, “నడిపేటోణ్ని పట్టుకుని నడవమంటావేందప్పా” అనేవాడు. షుగరు ఉందని తేలిన రోజు కూడా అదే ధోరణి. రేషను షాపులో రాని చక్కెర ఒంట్లోకే వచ్చింది, ఇంక క్యూలో నిలబడే పని తప్పిందన్నాడు.

ఆ వారమే రహమతున్నీసా బండి దగ్గరికి వచ్చింది.

“అన్నా, ఇంట్లో నేను కట్టేస్తే ఈడ నువ్వు ఇప్పేస్తాండావు. చక్కెర లేని టీ ఇయ్యి. నీకు దండం పెడతా.”

సుంకప్ప మాట ఇచ్చాడు. ఆ మాట ఆయుష్షు ఒక్క రాత్రి. మర్నాడు వలి బండికి ఆనుకుని కన్ను గీటాడు.

“ఆటోకు మూడు చక్రాలు, టీకి మూడు చక్కెరలు. ఒకటి తీసేస్తే బండి బోల్తాయప్పా.”

సుంకప్ప పగలబడి నవ్వాడు. నవ్వుతూనే మూడు చెంచాలూ వేశాడు. నవ్వించిన మనిషికి కాదని చెప్పడం అతనికి చేతకాలేదు. ఒక్క గ్లాసుకు ఏమవుతుందిలే అనుకున్నాడు. ఆ ఒక్క గ్లాసు నాలుగేళ్లు నడిచింది, వలి నడవకపోయినా.

చెప్పు కరిచిన పుండు మానలేదు. కాలివేలు తీసేశారు. తర్వాత కిడ్నీలన్నారు, కర్నూలు ఆసుపత్రిలో చేర్చారు. సుంకప్ప చూడడానికి పోతే వార్డు బయట రహమతున్నీసా ఒకే మాట అంది.

“నవ్వుకుంటా పోసినావు కదన్నా.”

అరిచి ఉంటే బాగుండేది. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. అంబులెన్సు వలి ఇంటి ముందు ఆగిన నాడు కూడా సుంకప్ప జనం వెనకాలే నిలబడ్డాడు తప్ప గడప దాటలేదు. ఆ నాటికీ ఇవాళ్టికీ నెల దాటిపోయింది. బండి దగ్గర టీలో చక్కెర కలపడం మానేశాడు. డబ్బా ఎదురుగా పెట్టి, కావలసినవాళ్లనే వేసుకోమన్నాడు. హమాలీ గోపన్న గ్లాసు పెదవికి ఆనించి మొహం చిట్లించాడు.

“ఇది టీనా, కషాయమా? షుగరుగాని వచ్చిందా యేమి నీకు?”

“నా చేతికి వచ్చిందప్పా” అన్నాడు సుంకప్ప.

ఇవాళ మళ్లీ ఆ చేత్తోనే మూడు చెంచాలంట. సుంకప్ప పాత నూనె పారబోసి, కొత్త నూనెలో బజ్జీలు తీశాడు. టీ కాచాడు. చక్కెర డబ్బా జోలికి పోలేదు.

వలి ఇంటి ముందు చెప్పులు బారులు తీరి ఉన్నాయి. వాటికి ఎడంగా, వేలి దగ్గర తోలు కోసేసిన వలి చెప్పులు. లోపల పరిచిన తెల్లగుడ్డ మీద కీమా, సేమ్యా, బాదుషాలు, అరటిపండ్లు. డాక్టరు వద్దని రాసినవన్నీ కూడబలుక్కుని వచ్చి కూర్చున్నట్టున్నాయి.

రహమతున్నీసా బాగా చిక్కిపోయింది. రమ్మంది, ఇన్నాళ్లకు దారి కనబడిందా అంది. మాటలో పోటు లేదు. సుంకప్పకు అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆమె గాజు గ్లాసు అందుకుని కిటికీ వెలుతురుకు పట్టింది. మూడు చెంచాలు వేస్తే అడుగున తెల్లగా పేరుకోవాలి. పేరుకోలేదు.

“వెయ్యలేదు కదన్నా.”

“నా చేయి రాదు చెల్లీ. ఈ ఒక్కసారన్నా నీకిచ్చిన మాట నిలబెట్టుకోనీ.”

“ఆ మాట అడిగిన దాన్ని నేనే కదా. ముందర కంచం పెట్టి, ఇది వద్దు, అది వద్దని చేయి పట్టుకుంటి. ఇన్నేళ్లలో ఆయన నా చేతి తీపి తిన్లేదు. నీ తాన నవ్వుకుంటా తాగినాడు. నా తాన మొగం ముడుచుకుని తిన్యాడు.”

“నువ్వు చెప్పిందే నిజం. అది వినింటే...” సుంకప్ప బజ్జీలను గుడ్డ మీద సర్దాడు.

“ఇంక చక్కెర ఏం చేస్తాదిలే అన్నా. ఈ పొద్దు ఆయనకు నచ్చినట్టే ఉండనీ.”

ఆమె లోపలి నుంచి చక్కెర డబ్బా తెచ్చి అతని చేతిలో పెట్టింది. సుంకప్ప ఒక చెంచా వేశాడు. రెండోది వేశాడు. మూడోది సగం గుడ్డ మీద ఒలికింది. ఎప్పుడూ ఆ చెంచాకే నవ్వు వచ్చేది. చక్రాల మాట ఎవరైనా అంటారేమోనని చుట్టూ చూశాడు. ఎవరూ అనలేదు. తనే ఇంకో సగం చెంచా వేసి లెక్క సరిచేశాడు.

గ్లాసును బజ్జీల పక్కన పెట్టి, సుంకప్ప గోడవారగా కూర్చున్నాడు. పర్వీన్ తల మీద కొంగు సర్దుకుంది. టీ మీద ఆవిరి లేస్తూనే ఉంది.

వలి పోయి ఆ రోజుకు నలభై రోజులు.