నాన్న గదిలో నల్లడబ్బా

"అప్‌డేట్ చెయ్యమని నిన్నెవరడిగారే?"

రెండు రోజులు మూతి బిగించుకుని కూర్చున్న అమ్మ, కూతురితో అన్న మొదటి మాట అదే.

ఎవరూ అడగలేదు. కంప్యూటర్ రోజూ అదే గోల పెడుతుంటే విసుగొచ్చి కూతురే సరేనని నొక్కేసింది. ఆ పూట నుంచి నాన్న హార్డ్ డిస్క్‌కి ఉలుకూ పలుకూ లేదు. ఆయన ఫొటో స్టూడియో నడిపిన రోజులనాటి నల్లడబ్బా అది, ఇటుకంత ఉంటుంది. ఆయన పోయాక కూడా సాయంత్రం కాగానే దాన్ని కంప్యూటర్‌కి తగిలించమని అమ్మ వెంటపడేది. వాడకుండా వదిలేస్తే పాడైపోతుందని ఆవిడ వాదన. తగిలించాక నాన్న గది తలుపు దగ్గరగా వేసి, బయట కుర్చీలో ఉతికిన బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చునేది. ఫొటోలు చూద్దువుగాని రమ్మంటే మాత్రం, తర్వాత చూస్తాలే అనేది.

కూతురు చెయ్యని ప్రయత్నం లేదు. వైరు మార్చింది, పోర్టు మార్చింది, కంప్యూటర్ని ఆపి మళ్లీ వేసింది. చివరికి డబ్బాని తువ్వాల్లో చుట్టి రిపేరు షాపుకి పట్టుకెళ్లింది. షాపతను చూసి పెదవి విరిచాడు. కొత్త సాఫ్ట్‌వేర్ ఈ ముసలిదాన్ని గుర్తుపట్టక, తగిలించగానే నిద్రపుచ్చేస్తోందట. తన పాత కంప్యూటర్లో పెట్టి, ఉన్నదంతా కొత్త డిస్క్‌లోకి ఎక్కిస్తానన్నాడు.

మర్నాడు అగ్గిపెట్టెంత కొత్త డిస్క్ ఇంటికొచ్చింది. ఫొటోలన్నీ టకటకా తెరుచుకున్నాయి, ఒక్కటీ పోలేదు. గండం గడిచిందనుకుంది కూతురు. తెర మీద నాన్న నవ్వుతున్నాడు. అమ్మ అటు చూడనేలేదు. డిస్క్ దగ్గర చెవి పెట్టి చాలాసేపు వంగి నిలబడింది.

"ఇది చప్పుడు చెయ్యదేం?"

"కొత్తవి చెయ్యవమ్మా. అదే దీని గొప్ప."

"నాకెందుకే గొప్పలు," అంది అమ్మ, కుర్చీలో కూలబడుతూ. "అది గుర్రుమంటూ, మధ్యమధ్య టిక్కుటిక్కుమంటుంటే మీ నాన్న లోపల పని చేసుకుంటున్నట్టే ఉండేది. ఇప్పుడు నిజంగా పోయారు."

కూతురు ఇన్నాళ్లూ అంతా ఫొటోల కోసమే అనుకుంది. చెప్పుల్లో కాళ్లు దూర్చి షాపుకి పరుగెత్తింది. పాత డబ్బా ఇచ్చెయ్యమంటే షాపతను నాలుక్కరుచుకున్నాడు. ఇంక దాంతో పనేముందని విప్పేశాడట. లోపలి బిళ్లలు, మోటారు పాతసామాన్లవాడికి వేసేశాడు. మిగిలిన ఖాళీ డొల్లని ఆమె చేతిలో పెట్టి, మీరొక్క మాట చెప్పి ఉండాల్సిందని నసిగాడు. నిజమే, ఆ మాట చెప్పాలని ఆమెకి తోచనే లేదు.

అమ్మతో ఏమనాలో దారంతా మాటలు కూడబలుక్కుంది. ఒక్కటీ నిలవలేదు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి అమ్మ గది బయట కుర్చీలో కూర్చుని బట్టలు మడతపెడుతోంది. ముఖం తేటపడింది. కూతుర్ని చూసి పెదాల మీద వేలు పెట్టింది.

"నెమ్మదిగా రా. పని చేసుకుంటున్నారు. ఎప్పుడు తెచ్చి పెట్టావే, నాకు చెప్పనైనా చెప్పలేదు?"

మూసిన తలుపు వెనక గుర్రుమంటూ, మధ్యమధ్య టిక్కుటిక్కుమంటూ ఆ చప్పుడు కూతురికీ స్పష్టంగా వినిపిస్తోంది. ఖాళీ డొల్ల ఇంకా ఆమె చేతిలోనే ఉంది.