రెండో గుండె చప్పుడు

ఇంటింటికీ గుండెపట్టీలు వచ్చాక కడుపుతో ఉన్నవాళ్ల పొట్ట మీద చెవి ఆనించి వినే పని తప్పింది. పట్టీ కడితే చాలు, కలగలిసిన చప్పుళ్లను అంకెల గళ్లపట్టికలైన మాత్రికలుగా మార్చి, కారణాంకాలుగా విడగొట్టి, తల్లి గుండెను, బిడ్డ గుండెను వేరువేరుగా వినిపిస్తుంది.

ఆ ఉదయం వీరవేణి కడుపులో కవలలకు బదులు ఒక్క బిడ్డ గుండే వినిపించింది. అత్తగారు పాత రేడియోను కొట్టినట్టు పట్టీని రెండు చరిచింది.

"రెండోది ఏదక్కా?" అంది వీరవేణి, పట్టీ కట్టిన నూకరత్నంతో. భయంతో ఆమె గుండె పరుగెడుతోంది.

ఆశా కార్యకర్త నూకరత్నం పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పింది. అయినా శిక్షణలో విన్న ఒక్క మాట గుర్తుంది: అంకెల్ని ఎటునుంచి గుణించినా ఒకటే, మాత్రికలకు మాత్రం వరస మారితే లెక్క మారుతుంది.

"ఇది ముందు తల్లి చప్పుడు తీసేస్తదమ్మాయ్. కంగారులో నీ గుండె పసిగుడ్డు గుండెలా కొట్టుకుంటంది. నీతోపాటు ఆ రెండోదాన్నీ తీసేసిందేమో. వరస తిప్పుతానుండు. ముందు పిల్లలు, ఆఖర్న నువ్వు."

మీట నొక్కింది. ఒక గుండె వినిపించింది. కాసేపటికి, సన్నగా, రెండోది.

వీరవేణి కొంగుతో కళ్లొత్తుకుంది. "మా ఇంట్లో అన్నాలకీ ఇదే వరసక్కా. అందరూ అయ్యాక నేను."

నూకరత్నం పట్టీ విప్పుతూ అత్తగారి వైపు చూసింది. "ఆ రెండోది నీరసంగా ఉందండీ."

అత్తగారు లేచి వెళ్లి, ఇంకా ఎవరూ తినని అన్నంలోంచి మొదటి కంచం కోడలికి పెట్టుకొచ్చింది.