కవిగారి భార్య సంతకం

ఆ పెద్దావిడ చేత, చదవనివ్వకుండా, సంతకం పెట్టించుకోవాలి. క్లోజప్ వేసిన పథకం మొత్తం అంతే.

క్లోజప్ అంటే సినిమా డైరెక్టరు. మనిషి మొహం ఒక్కసారి దగ్గరగా చూస్తే చాలు, జాతకమంతా చెప్పేస్తానని కనపడ్డవాళ్లందరి దగ్గరా కోస్తుంటాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. జనం నోళ్లలో ఇప్పటికీ నానుతున్న ఒక కవిగారి జీవితాన్నీ కవిత్వాన్నీ కలిపి అతను సినిమా తలపెట్టాడు. బతికున్నన్నాళ్లూ కవిగారు వీధి చివరి పోస్టాఫీసు దాటి వెళ్లింది లేదు. సినిమాలో మాత్రం మరపడవ మీద రౌడీలను తరుముతూ ప్రేమగీతం అందుకుంటారు.

అంతా బాగానే ఉంది గాని, కవిగారు పోయాక హక్కులన్నీ ఆయన భార్యవి. ఆవిడ సంతకం లేనిదే కెమెరా కదలదు. సాయంత్రంలోగా కాగితం తేకపోతే సినిమాను తన బామ్మర్దికి అప్పగిస్తానని నిర్మాత తేల్చి చెప్పేశాడు. బామ్మర్దికి సినిమా తీయడం రాదు. నిర్మాత దృష్టిలో అదొక లోపం కాదు.

న్యాయంగా ఆవిడకు డబ్బిచ్చి అడగొచ్చు. నిర్మాత అందుకని డబ్బు ఇచ్చాడు కూడా. కానీ అది ఇప్పటికే క్లోజప్ సొంతింటి పై అంతస్తుకు శ్లాబుగా మారిపోయింది. అందుకే ఒక పూలగుత్తి కొనుక్కుని బయల్దేరాడు. కవిగారి జీవితం, రాతలు, ఫొటోలు అన్నీ ఉచితంగా, శాశ్వతంగా డైరెక్టరు పరం చేస్తున్నట్టు రాసిన కాగితం జేబులో ఉంది.

తలుపు తీసినావిడ పువ్వుల నైటీలో ఉంది. ఎర్రగా రంగేసిన జుట్టు, భుజాన తువ్వాలు, చేతిలో బూజుకర్ర.

"అమ్మగారున్నారా?"

ఆవిడ నోరు తెరిచేలోపే క్లోజప్ చూపు ఆవిడ భుజం మీదుగా ముందుగదిలోకి దూసుకుపోయింది. గోడ మీద కవిగారి ఫొటో. దాని కింద కుర్చీలో ఒకావిడ. ముగ్గుబుట్టలాంటి తల, వెలిసిపోయిన నూలుచీర, ఒళ్లో కవిగారి పుస్తకం, కళ్లలో చెమ్మ.

క్లోజప్ ఒళ్లు జలదరించింది. ఆహా, ఏం మొహం! ఒక్కో ముడతా ఒక్కో విరహగీతం!

"ఇదిగో ఏమ్మా, కాసిని మంచినీళ్లు పట్రా. ఆ కర్ర అవతల పెట్టు, నెత్తిన బూజు రాలుతోంది," అంటూ లోపలికి నడిచాడు.

బూజుకర్ర ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. కుర్చీలో ఉన్నావిడ వైపు ఒకసారి చూసింది. కర్ర గోడకు ఆనించి వంటింట్లోకి వెళ్లింది.

క్లోజప్ పూలగుత్తి పెద్దావిడ చేతుల్లో పెట్టాడు. "అమ్మా, ఫోన్ చేశానే, డైరెక్టర్ని. మిమ్మల్ని చూస్తుంటే కవిగారినే చూస్తున్నట్టుంది. ఆయన గురించి మీ నోట ఒక్క మాట వింటే జన్మ ధన్యం."

పెద్దావిడ కిటికీలోంచి ఎటో చూస్తూ నిట్టూర్చింది. "వానొస్తే ఇంట్లో నిలిచేవారా బాబూ! గొడుగు విసిరేసి వీధిలోకి పరిగెత్తేవారు. ‘తడవని గుండెలో కవిత మొలవదే పిచ్చిదానా’ అనేవారు."

క్లోజప్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. ఆ మాట అతను ఊహించి స్క్రిప్టులో రాసుకున్నది! అక్షరం పొల్లుపోలేదు. తనలో ఇంత మేధావి దాక్కున్న సంగతి అతనికే ఇవాళ తెలిసింది.

"వానా? ఆయనా?" నీళ్లు తెచ్చినావిడ కిసుక్కున నవ్వింది. "నాలుగు చినుకులు పడితే చెవుల్లో దూది పెట్టుకుని ముసుగుతన్నేవాడు మహానుభావుడు. పైగా ఆ తుమ్ములు!"

"నువ్వుండమ్మా! బూజులు దులిపేవాళ్లకి కవి హృదయం ఏం తెలుస్తుంది?"

"నిజమే. నాకు తెలిసిందల్లా ఆ రుమాళ్లు ఉతకడమే," అని ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

క్లోజప్ కాగితం తీసి, సంతకం చోటు దగ్గర వేలు పెట్టాడు.

"ఏమిటిది బాబూ?"

"ఉత్త లాంఛనమమ్మా. ఆయన కథ తెర మీద చూడ్డం మీకిష్టమేనని."

"చదివి పెడతాను."

"చిన్న అక్షరాలు, కళ్లు లాగుతాయి. చదవడానికి నేనున్నాగా!"

"డబ్బులేమైనా ఇస్తారా?" గుమ్మం దగ్గరావిడ అడిగింది.

"డబ్బా!" క్లోజప్ చెవులు మూసుకున్నాడు. "ఆ మాటెత్తితే కవిగారి ఆత్మ ఘోషించదూ?"

పెద్దావిడ బుద్ధిగా సంతకం చేసింది. క్లోజప్ దాని వంకైనా చూడకుండా కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. చదవకుండా పెట్టించే అలవాటున్నవాడికి, పెట్టింది చదివే అలవాటు ఎక్కడినుంచి వస్తుంది?

గండం గట్టెక్కింది. బామ్మర్ది ఇక గోళ్లు గిల్లుకుంటూ కూచోవచ్చు. ఆ సంబరంలో క్లోజప్‌కు నోరు ఆగలేదు.

"మీ పాత్రకి సరిపోయే మొహం కోసం ఎంతమందిని పిలిచి చూశానో అమ్మా! ఒక్కదానికీ కవి భార్య కళ లేదు. మీ మొహంలో ఉట్టిపడుతోంది. అసలు ఆ వేషం మీరే వేసేయండి!"

పెద్దావిడ చటుక్కున లేచింది. వంగిన నడుం నిటారైంది. కళ్లలో చెమ్మ ఏమైందో ఏమో, గొంతు కూడా మారిపోయింది.

"మాట మీద ఉండాలి మరి! మొన్న ఆడిషన్‌లో ఆ వాన డైలాగే చెబితే, ఫోన్లోంచి తలెత్తకుండానే ‘కవి భార్య పోలికే లేదు, ఇంకొకర్ని పంపండి’ అన్నారు సార్. ఆ పోలిక ఎలా ఉంటుందో చూసి నేర్చుకుందామని, ఇదిగో, మీకు మంచినీళ్లిచ్చిన ఈవిడింటికి వచ్చాను."